నిండకముందే చేయవలసిన లెక్క

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఈనాటి ప్రసంగ విషయం కంప్యూటరు ఫైల్ సిస్టమ్‌లో స్థలపు కేటాయింపు. ఇటువంటి ఉత్సవ వేదికల మీద గురువుల గుణగణాలను, పాఠశాల కీర్తిని తలచుకోవడం ఆచారం. అక్కడ డిస్కుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అందుకు తగిన కారణం ఉన్నది. 75 సంవత్సరాలలో ఒక పాఠశాల కూడబెట్టిన ఆస్తిలో భవనాలు ఒక భాగం మాత్రమే. ప్రవేశ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు, బదిలీ పత్రాల నకళ్ళు రెండవ భాగం. పుట్టినతేదీ ఋజువు కోసమో, తెలుగు మాధ్యమంలో చదివినట్లు ధ్రువపత్రం కోసమో ఏండ్ల తరువాత వెదుక్కుంటూ వచ్చేవారికి ఆ పుస్తకాలే ఆధారం. అవన్నీ ఇప్పుడు బీరువాల నుండి కంప్యూటర్లలోకి మారుతున్నవి. బీరువాలో చోటు చాలకపోతే కంటికి కనబడుతుంది. డిస్కులో చోటు చాలకపోతే కనబడదు. ఫైలు సగం వ్రాయబడి నిలిచిపోయిన తరువాత మాత్రమే తెలుస్తుంది.

ముందుగా డిస్కులో చోటును ఎట్లా కొలుస్తారో చూడాలి. కొలతకు మూలం బైటు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలును. తెలుగులో ప్రతి అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు వేర్వేరుగా 3 బైట్లు కావాలి. ‘హగరి’ అనే మాటలో హ, గ, ర, గుడి అని నాలుగు సంకేతాలు ఉన్నవి. కనుక దానికి 12 బైట్లు. ‘బళ్ళారి’కి ఏడు సంకేతాలు, 21 బైట్లు. అయితే డిస్కు మీద చోటును ఫైల్ సిస్టమ్ బైట్ల లెక్కన ఇవ్వదు, దిమ్మల లెక్కన ఇస్తుంది. అనేక ఫైల్ సిస్టమ్‌లలో ఒక దిమ్మ 4,096 బైట్లు. ‘హగరి’ అని ఒక్క మాట వ్రాసి ఒక ఫైలుగా దాచినా, సాధారణంగా ఒక పూర్తి దిమ్మ దాని పేర పోతుంది. ఫైలు పరిమాణం వేరు, ఆ ఫైలు ఆక్రమించిన చోటు వేరు అనే తేడా ఇక్కడే మొదలవుతున్నది.

దీనికి మూడవ లెక్క ఒకటి తోడవుతుంది. ఇంకా వ్రాయబడలేదు కాని ఇస్తామని మాట ఇచ్చిన చోటు అది. దానినే కేటాయింపు అంటారు. ఈ మూడు లెక్కలు ఎప్పటికప్పుడు సరిపోతూ ఉండేటట్లు చూడడమే ఫైల్ సిస్టమ్ చేసే నిత్యకృత్యాలలో మిక్కిలి కష్టమైనది.

హగరి ప్రాంతం వారికి ఈ సంగతి కొత్తది కాదు. తుంగభద్ర జలాశయం విషయంలో వారు దానిని తరతరాలుగా చూస్తున్నారు. 1953లో నీరు నిలిపిన నాడు ఆ జలాశయపు నిల్వ సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు. పూడిక చేరగా చేరగా, 2016 నాటి సర్వేలో అది 105.788 టి.ఎం.సి.లని తేలినది. అయినను బచావత్ ట్రిబ్యునల్ ఈ జలాశయం నుండి ఏటా వినియోగానికి లెక్కకట్టిన నీరు 230 టి.ఎం.సి.లు. అందులో కర్ణాటకకు 138.99, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 73.01, ఆవిరి నష్టానికి 18. నిల్వ నూటికి కొంచెం పైగా ఉంటే, ఇచ్చిన మాట దానికి రెండింతలకు మించి ఉన్నది. ఇది తప్పుడు లెక్క కాదు. ఒకవైపు కాలువలకు నీరు పోతుండగా మరొకవైపు వరద వచ్చి నింపుతుంటుంది. రాని సంవత్సరంలో ఏమి చేయవలెనో కూడ ముందే నిర్ణయమై ఉన్నది. తుంగభద్ర బోర్డు ఆ ఏటి లభ్యతను అంచనా కట్టి, ఎవరి వాటా ఎంతో ఆ నిష్పత్తిలోనే తగ్గించి పంచుతుంది.

డిస్కులోనూ ఇవన్నీ ఉన్నవి. ఏ ఫైలు ఏ దిమ్మలలో ఉన్నదో వ్రాసుకునే పట్టికలకు, పనుల చిట్టాకు ఫైల్ సిస్టమ్ కొంత చోటు తానే తీసుకుంటుంది. అది ఆవిరి నష్టం వంటిది, తప్పనిది. ఎవరూ చదవని పాత చిట్టాలు, ఒకే పత్రానికి నాలుగైదు నకళ్ళు, తాత్కాలిక ఫైళ్ళు పేరుకొనడం పూడిక. జలాశయం నుండి ఎంతో మంది వాడుకున్నట్లే డిస్కు నుండి ఎన్నో ప్రోగ్రాములు వాడుకుంటవి. కాని ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. డిస్కుకు వానకాలం లేదు. ఎవరో ఒకరు ఖాళీ చేస్తేనే, లేదా కొత్త డిస్కు కొని తగిలిస్తేనే అందులో చోటు పెరుగుతుంది. అందుచేత అక్కడి కేటాయింపు విధానాలను కొంత వివరంగా తెలుసుకోవలసి ఉన్నది.

మొదటిది నిర్వాహకుని నిలవ. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో 1980ల మొదట యునిక్స్ కోసం వేగవంతమైన ఫైల్ సిస్టమ్‌ను రూపొందించిన వారు డిస్కులో పదవ వంతును ఎప్పుడూ ఖాళీగా ఉంచే నియమం పెట్టినారు. సామాన్య వాడుకరులకు డిస్కు నూటికి 90 వంతులు నిండగానే ‘చోటు లేదు’ అనే సమాధానం వస్తుంది. మిగిలినది నిర్వాహకుడు మాత్రమే తాకగలడు. ఇందుకు కారణం వేగం. ఒక ఫైలుకు చెందిన దిమ్మలు పక్కపక్కన ఉంటే చదవడం త్వరగా సాగుతుంది. డిస్కు పూర్తిగా నిండవచ్చిన కొద్దీ ఎక్కడ దొరికిన దిమ్మను అక్కడ ఇవ్వవలసి వచ్చి, ఫైలు చెల్లాచెదురవుతుంది. అట్టి స్థితిలో పని వేగం సగానికి పడిపోతుందని ఆ రూపకర్తలే 1984లో ప్రకటించిన పత్రంలో చెప్పినారు.

1993లో లినక్స్ కోసం వచ్చిన ఎక్స్‌ట్-2 ఈ నిలవను నూటికి 5గా పెట్టినది. దాని వారసుడైన ఎక్స్‌ట్-4లో నేటికీ మామూలుగా అదే ఉంటుంది. ఇక్కడ వేగంతో పాటు మరొక ప్రయోజనం ఉన్నది. డిస్కు నిండిన రోజున కూడ నిర్వాహకుడు లోపలికి ప్రవేశించి, చిట్టా చూచి, అక్కరలేనివి తీసివేయగలగాలి. ఆ పనికి కూడ కొంత చోటు కావాలి. రైతు ఇంట ఎంత కరవు వచ్చినా విత్తనపు జొన్నలను దంచరు. అవి ఈ ఏటి తిండి కాదు, వచ్చే ఏటి పంట. ఆ నూటికి 5 కూడ అటువంటిదే. ఇప్పటి 1 టెరాబైటు డిస్కులో అది సుమారు 50 గిగాబైట్లు అవుతుంది కనుక, కేవలం సమాచారం దాచే పెద్ద డిస్కుల మీద దానిని తగ్గించుకొనవచ్చు. వ్యవస్థ నడిచే డిస్కు మీద పూర్తిగా తీసివేయడం వివేకం కాదు. మైక్రోసాఫ్ట్ వారు కూడ 2019లో వచ్చిన విండోస్-10 సంచికలో తాజాకరణల కోసం సుమారు 7 గిగాబైట్లను ముందే పక్కన ఉంచే ఏర్పాటు చేసినారు.

రెండవది వాటా, అనగా కోటా. కాలువ మొదట ఉన్నవారు అడ్డుకట్ట లేకుండా తోడుకుంటే చివరి రైతు మడి ఎండుతుంది. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు, వంతు చివరిది కావడమే. ఒకే డిస్కును పలువురు వాడుకునే చోట ఇదే జరుగుతుంది. ఒకరి సినిమాలు మరొకరి మార్కుల పట్టికకు చోటు లేకుండా చేస్తవి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్జ్ చేసిన కృషి ఆధారంగా బర్క్‌లీ యునిక్స్‌లో కోటాలు ప్రవేశించినవి. అందులో రెండు హద్దులు ఉంటవి. మెత్తని హద్దు దాటితే హెచ్చరిక వస్తుంది, సర్దుకొనడానికి కొంత గడువు ఉంటుంది. గట్టి హద్దు దాటడానికి వీలే లేదు. అయితే కోటా ఒక పరిమితి మాత్రమే, హామీ కాదు. ‘నీకు 10కి మించి లేదు’ అనడం వేరు, ‘నీకు 10 తప్పక ఉంటుంది’ అనడం వేరు. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, పరిమితిని, హామీని విడివిడిగా నియమించుకునే వీలు కల్పించినది. కాలువ చివర ఉన్నవాడికి కావలసినది రెండవది.

మూడవది ముందస్తు కేటాయింపు. ఒక ప్రోగ్రాము తనకు ఎంత కావాలో ముందే చెప్పి, పని మొదలుపెట్టక ముందే ఆ దిమ్మలను తన పేర వ్రాయించుకొనడం. 2001 నాటి పోసిక్స్ ప్రమాణంలో దీనికి ఒక ఆదేశం చేరినది. 2007లో లినక్స్ దానికి ప్రత్యేక ద్వారం ఏర్పరచినది. వీడియో చిత్రీకరణ, పెద్ద ఫైళ్ళ దిగుమతి, డేటాబేసులు దీనిని వాడుకుంటవి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. అట్లా ఇచ్చిన దిమ్మలలో అంతకు ముందు వేరొకరు వ్రాసిన సమాచారం చెరగకుండా మిగిలి ఉండవచ్చు. కొత్త యజమాని దానిని చదవకూడదు. అందుచేత ఆధునిక ఫైల్ సిస్టమ్‌లు ఆ దిమ్మలకు ‘ఇచ్చినది, వ్రాయనిది’ అనే గుర్తు వేస్తవి. వ్రాయకముందు చదివితే సున్నలే కనబడతవి. పట్టా ఇచ్చినారు, ఇల్లు కట్టలేదు అన్నట్లు.

నాలుగవది వాయిదా కేటాయింపు. రైలు ప్రయాణం చేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ప్రథమ శ్రేణి ఏసీ పెట్టెకు టికెట్టు తీసుకున్నప్పుడు చోటు ఖాయమని వ్రాసి ఉంటుంది, గది సంఖ్య ఉండదు. చార్టు తయారైన తరువాత ఎవరెవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయిస్తారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్-4 వంటి ఫైల్ సిస్టమ్‌లు ఇదే పని చేస్తవి. ప్రోగ్రాము వ్రాసిన సమాచారాన్ని కొంతసేపు జ్ఞాపకశక్తిలో ఉంచి, అన్నీ పోగైన తరువాత పక్కపక్కన దిమ్మలు చూచి ఒకేసారి డిస్కు మీదికి పంపుతవి. దీనివల్ల ఫైలు చెదరకుండా ఉంటుంది. కాని టికెట్టు ఇచ్చిన నాడే లెక్కలో ఒక చోటు తగ్గించి తీరాలి. ‘వ్రాసినాను’ అని ప్రోగ్రాముకు మాట ఇచ్చి, తీరా డిస్కు దగ్గరకు వెళ్ళేసరికి చోటు లేదంటే అది మోసమవుతుంది. లేదు అనే మాట చెప్పవలసి వస్తే ద్వారం దగ్గరనే చెప్పాలి, ప్రయాణం మధ్యలో దింపివేయరాదు. స్థలపు కేటాయింపు నీతి అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

ఇక అయిదవది, ఉన్నదానికి మించి మాట ఇవ్వడం. నలుగురికి తలా 100 గిగాబైట్లని చెప్పి, వెనుక 200 మాత్రమే ఉంచుతారు. నలుగురూ ఒకేసారి పూర్తిగా వాడరనే నమ్మకం మీద ఇది నడుస్తుంది. పెద్ద సంస్థల నిల్వ వ్యవస్థలలో ఇది సర్వసాధారణం, దానివల్ల ధనం ఆదా అవుతుంది. తుంగభద్ర లెక్క ఇటువంటిదే కదా అనవచ్చు. అక్కడ బోర్డు ఉన్నది, అంచనా ఉన్నది, తగ్గితే ఎట్లా పంచుకోవాలో నియమం ఉన్నది. ఆ మూడూ లేకుండా మాట మాత్రమే ఇచ్చినచోట, ఒకనాడు నలుగురి పనీ ఒకేసారి ఆగిపోతుంది.

చోటు తరిగినప్పుడు పాతవి చెరిపివేస్తే సరిపోతుంది కదా అని చాలామంది భావన. చెరపడానికి కూడ చోటు కావాలి అనేది ఈ శాస్త్రంలో ఆశ్చర్యం కలిగించే సత్యం. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు ఉన్న పట్టికను కొట్టివేసి దాని మీదనే దిద్దవు. మారిన పట్టికను వేరొక చోట కొత్తగా వ్రాసి, అది పూర్తయిన తరువాత పాతదానిని వదులుతవి. మధ్యలో కరెంటు పోయినా పాత పట్టిక చెక్కుచెదరదు. కాని ఒక ఫైలును తీసివేయాలన్నా ముందు కొత్త పట్టికకు చోటు ఉండాలి. అందుకే జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా సుమారు 32వ వంతును ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టుకుంటుంది.

ఈ విషయాన్ని లోకమంతా చూచిన సంఘటన ఒకటి ఉన్నది. 2023 ఆగస్టు 29న జపానులో టొయోటా సంస్థకు చెందిన 14 వాహన కర్మాగారాలూ నిలిచిపోయినవి. విడిభాగాల ఆర్డర్లను చూచే సర్వర్లలో అంతకు రెండు రోజుల ముందు క్రమానుసార నిర్వహణ జరిగినది. డేటాబేసులో పోగైన సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా డిస్కులో చోటు చాలక పని ఆగిపోయినది. ప్రత్యామ్నాయంగా ఉంచిన సర్వర్లు కూడ అదే వ్యవస్థ మీద నడుస్తున్నందున వాటికీ అదే గతి పట్టినది. ఎక్కువ సామర్థ్యం గల సర్వరుకు సమాచారాన్ని మార్చిన తరువాత మరునాడు కర్మాగారాలు తిరిగి నడిచినవి. శత్రువులెవరూ దాడి చేయలేదని సంస్థ స్వయంగా ప్రకటించినది. చోటు ఖాళీ చేయబోయి, ఆ ఖాళీ చేయడానికి తగిన చోటు లేక జరిగిన నష్టం అది.

ఇంకొకటి అంగారకుని మీద జరిగినది. 2004 జనవరిలో అక్కడ దిగిన నాసా వారి స్పిరిట్ యంత్రం, ఆ నెల 21న మాట తప్పినది. మళ్ళీ మళ్ళీ తనంతట తాను ఆగి మొదలవుతూ వచ్చినది. ప్రయాణకాలం నుండి పోగుపడిన ఫైళ్ళ సంఖ్య పెరిగిపోయి, వాటి పట్టికను మోయడానికి కేటాయించిన జ్ఞాపకశక్తి చాలకపోవడమే కారణమని తేలినది. నేల మీద ఉన్నవారు ఆ ఫైళ్ళ జోలికి పోకుండా యంత్రాన్ని మేలుకొలిపే మరొక మార్గాన్ని ముందే ఉంచుకున్నారు. ఆ దారిన ప్రవేశించి, అనవసరమైనవి తొలగించి, ఫిబ్రవరిలో నిల్వను కొత్తగా సిద్ధపరచినారు. తరువాత అది మరి కొన్ని సంవత్సరాలు పనిచేసినది. ఆపత్కాలానికి విడిచిపెట్టిన ఒక ఇరుకు దారి అంత విలువైన యంత్రాన్ని దక్కించినది.

ఇంత దూరం వెళ్ళిన మాటను మళ్ళీ పాఠశాల కార్యాలయానికి తీసుకొని రావలసి ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరగా, బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రానికి వెళ్ళినది. అప్పటి నుండి ఇక్కడి తెలుగు మాధ్యమ పాఠశాల పత్రాలకు రెట్టింపు విలువ ఏర్పడినది. సరిహద్దుకు ఆవల చదువుకో ఉద్యోగానికో వెళ్ళే పిల్లవానికి ఆ పత్రం గుర్తింపు, ఈవల ఉండిపోయే వానికీ అది ఆధారమే. ఒక ప్రవేశ పుస్తకపు పుటను చిత్రంగా దాచడానికి 1 మెగాబైటు పడుతుందని అనుకుంటే, 200 పుటల పుస్తకానికి 200 మెగాబైట్లు. ఏడాదికి ఒకటి చొప్పున 75 పుస్తకాలకు 15 గిగాబైట్లు. ఇది నేటి డిస్కులకు పెద్ద బరువు కాదు. వార్షికోత్సవాల వీడియోలు కొన్ని చేరితే చాలును, ఇంత చోటూ అవే ఆక్రమించగలవు. ఆటపాటల దృశ్యాలు దాచుకోవలసినవే. కాని అవి 75 ఏండ్ల పేర్లను తోసివేయకూడదు.

అందుకు చేయవలసినవి కష్టమైనవి కావు. రిజిస్టర్లకు డిస్కులో వేరొక భాగాన్ని కట్టి, అందులో మరి దేనికీ చోటు ఇవ్వకూడదు. అది పరిమితి కాదు, హామీ. వీడియోలకు, ఫోటోలకు కోటా పెట్టాలి. ఏ భాగంలోనైనా పదవ వంతు ఖాళీగా ఉండేటట్లు చూచుకోవాలి. అన్నిటికంటె పెద్ద ఫైలు ఎంత ఉన్నదో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. ఎందుకనగా మంచి ప్రోగ్రాము పాత ఫైలు మీదనే వ్రాయదు. కొత్త ప్రతిని పూర్తిగా వ్రాసి, అది భద్రమని తేలిన తరువాత పాత పేరును దానికి ఇస్తుంది. ఆ కొద్ది క్షణాలు రెండు ప్రతులకూ చోటు కావాలి. చెత్తబుట్టలోకి పంపిన ఫైలు చోటును వదలదని, బుట్టను ఖాళీ చేసిన తరువాతనే అది లెక్కలోకి తిరిగి వస్తుందని గుమాస్తాలు గుర్తుంచుకోవాలి. నెలకు ఒకసారి ఖాళీ ఎంత ఉన్నదో చూచి ఒక పుస్తకంలో వ్రాయాలి. వరుసగా ఆరు నెలల అంకెలు చూస్తే ఎప్పుడు నిండబోతున్నదో ఎవరైనా చెప్పగలరు. జలాశయపు మట్టాన్ని ప్రతిదినం వ్రాసేవారు చేసేది అదే. కేటాయింపు ఎంత చక్కగా ఉన్నా డిస్కు పాడైపోవచ్చును కనుక, నకలు వేరొక డిస్కు మీద, వేరొక భవనంలో ఉండి తీరాలి. అది నిండిందో లేదో కూడ అదే పుస్తకంలో వ్రాయాలి. టొయోటా సంగతి చెప్పే పాఠం అది.

విద్యార్థులు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. ఖాళీగా ఉంచిన చోటు వృథా కాదు. నిండుగా ఉన్న డిస్కును చూచి పొదుపు అనుకొనడం, ఖాళీని చూచి దుబారా అనుకొనడం పైపై చూపు. ఆ ఖాళీ ఒకరికి ఇచ్చిన మాటను నిలబెట్టడానికి ఉన్నది, పొరపాటు జరిగిన నాడు దిద్దుకోవడానికి ఉన్నది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతున్నది. అది కూడ చోటు కేటాయింపే. అటువంటి చోటులో కూర్చుని చదువుకున్న వారి పేర్లు ఈ పాఠశాల పుస్తకాలలో ఉన్నవి. రాబోయే 25 ఏండ్లలో ఇక్కడ చేరబోయే పిల్లల పేర్లకు ఇప్పుడే చోటు కట్టి ఉంచడం, నూరవ ఏడు జరుపుకునేవారికి ఈనాటి వారు ఇవ్వదగిన కానుక.